అద్దం బిళ్లతో కొలతలు



చంద్రపూర్ దగ్గరి బల్లార్‌పూర్ పేపర్ మిల్లు కంపెనీ 1945లో పుట్టింది. ఆ ఊరి మీదుగా పోయే రైలు మార్గంలో తెలంగాణలోకి అడుగుపెడితే సిర్పూర్ కాగజ్‌నగర్ వస్తుంది, అదీ కాగితం ఊరే. చంద్రపూర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో తాతదో తండ్రిదో ఉద్యోగం బొగ్గు గనిలోనో, పేపర్ మిల్లులోనో, రైల్వేలోనో ఉండి ఉంటుంది. రాజురా వైపువాళ్లయితే ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కూడా కాదు. నిజాం కాలంలో ఆ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. అక్కడి పాతవాళ్లు చంద్రపూర్‌ని ఇప్పటికీ చాందా అనే అంటారు.

ఇలాంటి ఊళ్ల పిల్లల్ని నేనొక ప్రశ్న అడుగుతుంటాను. ఒక్క కాగితం మందం ఎంత? తెలివైన పిల్లలు వెంటనే దారి చెబుతారు. ఐదువందల కాగితాల రీము తీసుకుని, స్కేలుతో దాని ఎత్తు కొలిచి, ఐదువందలతో భాగిస్తే సరి అంటారు. మంచి జవాబే. కానీ అది ఐదువందల కాగితాల సగటు. నా చేతిలో ఉన్న ఈ ఒక్క కాగితం సంగతేమిటి? దీన్ని స్కేలు పక్కన పెడితే ఏమీ తెలియదు. ఇక్కడే ఎర్ర లేజర్ పాయింటరూ, ఒక చిన్న అద్దం ముక్కా పనికొస్తాయి.

రేడియోలో ప్రయోగం చూపించలేను, వినిపించాల్సిందే. కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

అగ్గిపెట్టెంత ప్లైవుడ్ ముక్క తీసుకోండి. దానికి అడుగున మూడు డ్రాయింగ్ పిన్నులు గుచ్చండి. అవే దాని కాళ్లు. ముందు రెండు, వెనక ఒకటి. ముందు కాళ్ల వరసకీ వెనక కాలికీ మధ్య సరిగ్గా రెండు సెంటీమీటర్లు ఉండాలి. ముక్క మీద చిన్న అద్దాన్ని నిటారుగా అతికించండి. దాన్ని బల్లమీద పెట్టి, ఎదురుగా లేజర్‌ని ఏ పుస్తకాల మీదో కదలకుండా టేపు వేసి బిగించండి. బటన్ నొక్కి పట్టడానికి బట్టలకు పెట్టే క్లిప్పు చాలు. వెలుగు అద్దాన్ని తాకి వెనక్కి వచ్చి, ఐదు మీటర్ల దూరంలో ఉన్న గోడమీద ఎర్రచుక్కగా పడాలి. ఆ చుక్క ఉన్నచోట పెన్సిలుతో గీత పెట్టండి.

ఇప్పుడు వెనక కాలి కిందికి ఒక్క కాగితం, మామూలు జిరాక్స్ కాగితం, మెల్లగా తోయండి. అద్దం ముందుకి వాలిందా లేదా అన్నది కంటికి తెలియదు. గోడమీద చుక్క మాత్రం దాదాపు ఐదు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. రెండో కాగితం పెడితే ఇంకో ఐదు. వార్తాపత్రిక కాగితం పెడితే అంతకన్నా తక్కువ జరుగుతుంది, పెళ్లి శుభలేఖ పెడితే చాలా ఎక్కువ.

లెక్క కష్టమేమీ కాదు. చుక్క జరిగిన దూరాన్ని కాళ్ల మధ్య దూరంతో గుణించి, గోడ దూరానికి రెట్టింపుతో భాగించాలి. ఐదు ఇంటూ రెండు పది. గోడ దూరం 500 సెంటీమీటర్లు, దానికి రెట్టింపు వెయ్యి. పది బై వెయ్యి అంటే సెంటీమీటరులో నూరో వంతు, మిల్లీమీటరులో పదో వంతు. అదీ మన కాగితం మందం. ఈ అమరికలో వెనక కాలు ఎంత లేస్తే గోడమీద చుక్క అంతకు ఐదువందల రెట్లు జరుగుతుంది. రీములో ఉండేవీ ఐదువందల కాగితాలే కదా. కాబట్టి ఒక్క కాగితానికి చుక్క ఎంత దిగిందో, పూర్తి రీము ఎత్తు ఇంచుమించు అంతే ఉంటుంది. రీముని తీసుకెళ్లి గోడమీది రెండు గీతల పక్కన ఆనించి చూపిస్తే, లెక్కలంటే మొహం చిట్లించే పిల్లలు కూడా దగ్గరికి వస్తారు.

రెట్టింపుతో ఎందుకు భాగించాలి? అద్దం ఒక డిగ్రీ తిరిగితే, దాని మీద పడి వచ్చే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది కనక. పతన కోణమూ ఒక డిగ్రీ మారుతుంది, పరావర్తన కోణమూ ఒక డిగ్రీ మారుతుంది, రెండూ కలుస్తాయి. ఐదు మీటర్ల దూరంలో ఆ రెండు డిగ్రీలూ పదిహేడున్నర సెంటీమీటర్లు అవుతాయి. పాఠ్యపుస్తకంలో ఈ సూత్రం ఒకే వాక్యంలో ఉంటుంది. పరీక్షలో రెండు మార్కులకు వస్తుంది, తర్వాత మరిచిపోతారు. దానికి ఎంత బలముందో కాగితం పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు, లేజర్ కన్నా వందేళ్లు పాతది. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫు తీగ వేసినప్పుడు, అవతలి ఒడ్డుకు చేరే కరెంటు మామూలు ముల్లుని కదల్చలేనంత బలహీనంగా ఉండేది. విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయన, పట్టుపోగుకు చిన్న అద్దాన్ని వేలాడదీసి, దాని వెనక సన్నటి అయస్కాంతాలు అతికించాడు. దీపపు వెలుగు ఆ అద్దం మీద పడి స్కేలు మీద చుక్కగా అటూ ఇటూ కదిలేది. ఆ కదలికల్ని అక్షరాలుగా చదువుకునేవాళ్లు. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన పాతవాళ్లకు చీకటి గదిలో ల్యాంప్ అండ్ స్కేల్ గుర్తుండే ఉంటుంది. దీపం చోట్లో లేజర్ వచ్చింది, అంతే తేడా.

ఇక అద్దం గురించి ఒక మాట. ఇంట్లో వాడే అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది. అందుకని లేజర్ వేస్తే గోడమీద ఒక చుక్క కాదు, రెండు కనిపిస్తాయి. మసకగా ఉన్నది గాజు ముందు తలం నుంచి వచ్చినది, గట్టిగా ఉన్నది వెనక పూత నుంచి వచ్చినది. పిల్లలు దీన్ని తప్పు అనుకుంటారు. తప్పు కాదు, పాఠమే. ఒకే చుక్క కావాలంటే పూత పైన ఉన్న అద్దం కావాలి. దానికి పాత సామాన్ల దుకాణానికి వెళ్లండి. చెడిపోయిన స్కానర్లలో, జిరాక్స్ మిషన్లలో పొడుగాటి అద్దాలు ఉంటాయి, అవి అలాంటివే. పాత హార్డ్ డిస్కు విప్పితే లోపల తళతళలాడే పళ్లెం కనిపిస్తుంది. అదీ మంచి అద్దమే. బాగా చిన్నది, తేలికైనది కావాలంటే లంబాడీ రవికెలకూ గాగ్రాలకూ కుట్టే అద్దాల బిళ్లలు ఉన్నాయి. ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి, ఖర్చు దాదాపు ఏమీ లేదు. రెండువైపులా మూతలు తీసిన డబ్బాకి ఒక పక్క బెలూన్ లాగి కట్టి, దాని మీద ఈ బిళ్ల ఒకటి అతికించి, లేజర్ వేసి, రెండో పక్క నోరు పెట్టి సరిగమలు పాడమనండి. గోడమీద చుక్క వలయాలై, ముళ్లై, ఎనిమిది అంకెలై తిరుగుతుంది. చిన్నపిల్లలకు ఇంతకు మించింది లేదు. కొలత కావాలనే నాలాంటివాళ్లకు మాత్రం కాసేపటికి విసుగొస్తుంది.

అన్నట్టు, ఏ ఊళ్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టినా లేజర్ దొంగల అలారం ఒకటి తప్పకుండా ఉంటుంది. నాలుగు అద్దాల మధ్య కిరణం తిప్పి, చెయ్యి అడ్డం పెడితే బజర్ మోగేది. వీడియో చూసి చేస్తారు, జడ్జీలకు చూపిస్తారు, సర్టిఫికెట్ తీసుకుంటారు. దాంట్లో ఆ పిల్లవాడు కొలిచిందేమిటో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఆ నాలుగు అద్దాలూ, ఆ లేజరూ ఇంతకన్నా చాలా పని చేయగలవు.

పని మొదలుపెట్టే ముందు కళ్ల సంగతి చెప్పాలి. ఇది మాత్రం తొందరగా దాటేసే విషయం కాదు.

లేజర్ వెలుగు చెదరకుండా సన్నటి దారంలా వస్తుంది. కంట్లో పడితే మన కంటి కటకమే దాన్ని రెటీనా మీద అతి చిన్న బిందువుగా కేంద్రీకరిస్తుంది. ఒక మిల్లీవాట్ అంటే వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఆ బిందువు దగ్గర దాని తీక్షణత సూర్యుణ్ని నేరుగా చూసినప్పటి కంటే ఎక్కువ. మిల్లీవాట్ లోపలి లేజర్లను క్లాస్ 2 అంటారు. పావు సెకనులో కన్ను దానంతటదే మూసుకుంటుంది కాబట్టి వాటిని తరగతి గదికి ఒప్పుకుంటారు. చిక్కెక్కడ వస్తుందంటే, చీటీ మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటి కాకపోవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 122 పాయింటర్లను పరీక్షించి 2013లో ఫలితాలు చెప్పింది. ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి నిబంధనల్ని మీరాయి. ఇక మన బజారులో చీటీయే లేని పాయింటర్లు ఎన్ని!

ఆకుపచ్చవి ఎక్కువగా ఎందుకు తప్పుతాయంటే, ఈ చవక రకాల్లో చాలావాటి లోపల ముందు పుట్టేది ఆకుపచ్చ వెలుగు కాదు. కంటికి కనిపించని పరారుణ కిరణం పుడుతుంది. స్ఫటికాలు దాన్ని ఆకుపచ్చగా మారుస్తాయి. మిగిలిపోయిన పరారుణాన్ని ఆపే ఫిల్టరు ఖర్చు దండగని తీసేస్తే, ఆకుపచ్చతో పాటు అదీ బయటికి వస్తుంది. కనిపించదు కనక కన్ను మూసుకోదు. అందుకని నా మాట వింటే, పిల్లల దగ్గర ఆకుపచ్చది వద్దు, ఊదారంగుది అసలే వద్దు. నమ్మకమైన కంపెనీ ఎర్రది, మిల్లీవాట్ లోపుది, ఒక్కటి చాలు. దాన్ని బల్లకి బిగించండి, చేత్తో పట్టుకోనివ్వకండి. కిరణం పిల్లల కళ్ల ఎత్తులో కాకుండా బల్ల ఎత్తులోనే పోవాలి. అద్దం తిప్పేటప్పుడు లేజర్ ఆపాలి. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయాలి, అవీ అద్దాలే. గదిలో దీపాలు వెలుగుతూ ఉండాలి. చీకట్లో కంటిపాప పెద్దదై వెలుగు ఎక్కువగా లోపలికి పోతుంది.

గణపతి నిమజ్జనం ఊరేగింపుల్లో లేజర్ లైట్లు తగిలి కళ్లు దెబ్బతిన్న సంగతులు మహారాష్ట్ర పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. 2024లో పుణె పోలీసులు ఊరేగింపుల్లో ఆ లైట్లను నిషేధించారు. ఆ లైట్ల శక్తి మన పాయింటరుకి ఎన్నో రెట్లు. కానీ పాయింటరుతోనూ అల్లరి చేసేవాళ్లున్నారు. మన బల్లార్‌పూర్ స్టేషను బల్లార్షా మీదుగా ఢిల్లీ, చెన్నై బళ్లు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. ఇంజను వైపు లేజర్ వేయడం సరదా కాదు, నేరం.

సరే, మళ్లీ కొలతల్లోకి వద్దాం.

తలలోంచి ఒక వెంట్రుక తీసి, ఖాళీ అగ్గిపెట్టె చట్రానికి నిలువుగా అతికించి, లేజర్ కిరణానికి సరిగ్గా అడ్డం పెట్టండి. రెండు మీటర్ల దూరంలో తెల్లకాగితం. చుక్క స్థానంలో అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది, మధ్యమధ్య తెగుతూ, వెలుగూ చీకటీ, వెలుగూ చీకటీ. దీన్ని వివర్తనం అంటారు. నడిమధ్య నుంచి మొదటి చీకటి దగ్గరికి దూరం కొలవండి. ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లనుకుంటే, ఆ దూరం రెండు సెంటీమీటర్లు వచ్చినప్పుడు వెంట్రుక మందం 65 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతుని మైక్రాన్ అంటారు. ఇందులో పిల్లల్ని ఆపి ఆలోచింపజేసే విషయం ఒకటుంది. అడ్డం పెట్టింది ఎంత సన్ననిదైతే, గోడమీద చీకట్లు అంత ఎడంగా జరుగుతాయి. అమ్మ వెంట్రుక, చంటిపిల్ల వెంట్రుక పక్కపక్కన పెట్టి చూడండి. మన అడవుల్లో దొరికే దసలి పట్టుకాయ నుంచి ఒక పోగు లాగి పెట్టి, చీకట్లు ఎంత ఎడంగా పడతాయో చూడండి.

అసలు ఆ 650 అన్న అంకెని ఎందుకు నమ్మాలి? నమ్మక్కర్లేదు. సీడీ మీది గీతల మధ్య ఎడం 1.6 మైక్రాన్లు. దాని మీద లేజర్‌ని నిటారుగా వేస్తే పక్కకు విడిపోయిన చుక్క ఇరవైనాలుగు డిగ్రీల కోణంలో వస్తుంది. ఆ కోణం నుంచి తరంగదైర్ఘ్యం లెక్కగట్టవచ్చు. డీవీడీ మీద గీతలు ఇంకా దగ్గర, 0.74 మైక్రాన్లు, అందుకని కోణం అరవై దాటుతుంది. సీడీ కూడా లేకపోతే స్టీలు స్కేలు చాలు. దాని గీతల మీద కిరణాన్ని ఏటవాలుగా జారవిడిచి వెలుగు తరంగదైర్ఘ్యాన్ని కొలవవచ్చని, లేజర్ సిద్ధాంతకర్తల్లో ఒకడైన ఆర్థర్ షాలో 1965లోనే రాసి చూపించాడు. 1960 మే 16న థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజర్ వెలిగించి అప్పటికి ఐదేళ్లే. ఆ మధ్యలోనే, 1964లో, ఇనుమునైనా కోసే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని కనిపెట్టిన కుమార్ పటేల్ మన మహారాష్ట్రవాడే, బారామతిలో పుట్టాడు.

ఇక దూరాల కొలతకు వద్దాం. మన ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర సర్వేవాళ్లని మీరు చూసే ఉంటారు. ఒకరు మూడు కాళ్ల స్టాండు మీది టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం దగ్గర నిలబడతారు, ఇంకొకరు దూరంగా కర్ర పట్టుకుని నిలబడతారు. ఆ కర్ర చివర గుండ్రటి గాజు ఉంటుంది, ప్రిజం అంటారు. దాన్ని మనమూ చేసుకోవచ్చు. మూడు చదరపు అద్దాలను గది మూలలా, ఒకదానికొకటి లంబంగా కలిపి అతికించండి. ఆ మూలలోకి ఏ పక్క నుంచి వెలుగు వేసినా, మూడు అద్దాల మీదా తగిలి వచ్చిన దిక్కుకే వెనక్కి పోతుంది. మూలని కాస్త తిప్పినా సరే, వాల్చినా సరే. మామూలు అద్దమైతే వెంట్రుకవాసి తిరిగినా చుక్క గోడమీద సెంటీమీటర్ల కొద్దీ జరుగుతుందని ఇందాక చూశాం. ఇది అందుకు పూర్తి విరుద్ధం. అందుకే సర్వేయరు సహాయకుడు కర్రని మరీ సూటిగా తిప్పకపోయినా కొలత వస్తుంది. వెలుగు పంపినవాడి దగ్గరికే తిరిగొస్తుంది కాబట్టి, ఈ ప్రయోగంలో లేజర్ పక్కన ఎవరి మొహమూ ఉండకూడదు.

1969లో అపోలో 11 మనుషులు చంద్రుడి మీద ఇలాంటి మూలలు వంద ఉన్న పలకని పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజర్ వేస్తే రెండున్నర సెకన్లకు తిరిగొస్తుంది. ఆ కాలాన్ని బట్టి చంద్రుడి దూరం కొలుస్తున్నారు, ఇప్పటికీ. శ్రీహరికోట నుంచి వెళ్లి 2023 ఆగస్టు 23న దిగిన మన విక్రమ్ ల్యాండర్ మీదా నాసావాళ్ల చిన్న గుబ్బ ఒకటుంది. ఐదు సెంటీమీటర్ల వెడల్పు, అందులో ఎనిమిది మూలలు. ఆ ఏడాది డిసెంబర్ 12న, వంద కిలోమీటర్ల దూరం నుంచి నాసా ఉపగ్రహం వేసిన లేజర్ దాన్ని తాకి తిరిగొచ్చింది. విక్రమ్ అప్పటికే నిద్రపోయి చాలాకాలమైంది. అద్దానికి కరెంటు అక్కర్లేదు కదా.

చివరిగా అన్నిటికన్నా కష్టమైనది, ఓపిక ఉన్న కాలేజీ పిల్లల కోసం. మైకెల్సన్ వ్యతికరణ మాపకం. ఒకే కిరణాన్ని రెండుగా చీల్చి, రెండు దారుల్లో పంపి, రెండు అద్దాలతో వెనక్కి రప్పించి, మళ్లీ కలపడం. చీల్చడానికి సగం పూత ఉన్న ఖరీదైన అద్దం కావాలంటారు. మైక్రోస్కోపు స్లైడుని నలభైఐదు డిగ్రీల్లో నిలబెట్టినా పనవుతుంది. అది కొద్ది వెలుగునే తిప్పుతుంది, చాలాభాగం దాటనిస్తుంది. అయినా రెండు దారుల్లోని వెలుగూ ఒకసారి స్లైడు మీద తగిలి, ఒకసారి దాన్ని దాటి వస్తుంది కాబట్టి చివరికి రెండూ సమానంగానే కలుస్తాయి. మసకగా ఉన్నా చారలు శుభ్రంగా పడతాయి. పాయింటరు వెలుగు తరంగదైర్ఘ్యం అంత నిక్కచ్చిగా ఉండదు కనక రెండు దారుల పొడవూ ఇంచుమించు ఒకటిగా ఉంచాలి. కలిసిన చోట చిన్న భూతద్దం పెడితే గోడమీద ఎర్రచారలు కనిపిస్తాయి.

ఒక అద్దం 325 నానోమీటర్లు జరిగితే ఒక చార దాటిపోతుంది. ఇందాకటి కాగితం మందంలో మూడువందలో వంతు అది. కాబట్టి చారలు నిలబడవు. తలుపు వేస్తే వణుకుతాయి, పక్కగదిలో నడిస్తే వణుకుతాయి. మన వైపైతే బొగ్గు బళ్లు పోతుంటాయి, గనుల్లో మందుగుండు పేలుతుంటుంది. రాతి బండ కింద సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు వేసి, బండ మీద ఇసుక పళ్లెం పెట్టి, అందులో అద్దాలు గుచ్చి, ఊరు నిద్రపోయాక చేసుకోవాలి.

ఇదే అమరికని నాలుగు కిలోమీటర్ల చేతులతో కట్టబోతున్నది ఎక్కడో కాదు. చంద్రపూర్ నుంచి నేరుగా పడమటికి, యవత్మాళ్ జిల్లా అవతల, హింగోలి జిల్లా ఔంఢా దగ్గర. లైగో ఇండియా దాని పేరు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 2,600 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. అమెరికాలో ఉన్న జంట లైగోలు 2015 సెప్టెంబర్ 14న రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పటి గురుత్వ తరంగాన్ని మొదటిసారి పట్టాయి. ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతుకన్నా చిన్న కదలికని అవి గుర్తించగలవు. మన బల్ల దగ్గర రైలు చేసే అల్లరి అక్కడ పెద్ద ఉపద్రవం. అందుకే స్థలం కోసం వెతికినప్పుడు నేల ఎంత నిశ్శబ్దంగా ఉందన్నది ముఖ్యంగా చూశారు. అద్దాల్ని ఒక్కోటి నలభై కిలోల బరువుతో చేసి, సన్నటి గాజు పోగులకు వేలాడదీస్తారు.

మీ చారలు ఒక రాత్రి నిలబడితే ఇంకొకటి చేసి చూడండి. ఏదీ తాకకుండా, ఒక దారి కింద అరచెయ్యి ఊరికే చాచి ఉంచండి. చారలు నెమ్మదిగా వంకర్లు పోయి పాకుతాయి. చేతి వెచ్చదనానికి పైన గాలి పలుచబడి, వెలుగు వేగం ఆ ఒక్క దారిలో కాస్త మారుతుంది. హింగోలిలో వేసే గొట్టాల్లో గాలి అంటూ లేకుండా తోడేసేది ఇందుకు కూడానే.